కాశీలో ఎక్కడ దిగాలి? విశ్వనాథ గల్లీల నుంచి కంటోన్మెంట్ దాకా ఒక పోలిక

కాశీకి మొదటిసారి వెళ్ళినప్పుడు ఫొటో చూసి గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే గంగ, గుడికి అయిదు నిమిషాల నడక అని రాసుంది. అమ్మకి చెబితే పొంగిపోయింది. తీరా స్టేషన్‌లో ఎక్కిన ఆటో గొదౌలియా బారికేడ్ దగ్గర ఆగిపోయింది. ఇక్కణ్ణించి నడకే అని సామాను దింపేసి వెళ్ళిపోయాడు. మా అయిదు నిమిషాల నడక ముప్పావుగంట పట్టింది. ట్రాలీ బ్యాగు చక్రాలు రాతి పలకల సందుల్లో ఇరుక్కునేవి. ఫోన్‌లో నీలం చుక్క ఒక సందులోంచి పక్క సందులోకి తనంతట తానే గెంతేది. ఒకచోట ఆంబోతు దారికి అడ్డంగా పడుకుని ఉంటే, అది లేచేదాకా నలుగురితో పాటు మేమూ నిలబడ్డాం. లాడ్జికి చేరాక తెలిసింది, గది మూడో అంతస్తులో. మెట్టు మెట్టుకీ మోకాలెత్తు. అమ్మ రెండో మలుపు దగ్గర గోడ పట్టుకుని కూలబడి, "విశ్వనాథుణ్ణి రేపు చూద్దాంలే, ముందు కాసిని మంచినీళ్ళివ్వు" అంది.

గంగ కనిపించింది, కాదనను. రెండు మేడల మధ్య, జానెడు. కోతుల భయానికి బాల్కనీ మొత్తం ఇనుప జాలీ బిగించారు, ఆ జానెడూ గళ్ళలోంచి చూడాలి.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్ళాను, వేర్వేరు చోట్ల దిగాను. "ఎక్కడ దిగితే మంచిది" అని తెలిసినవాళ్ళు అడిగిన ప్రతిసారీ నేను ముందు అడిగేది ఒకటే: మీలో అందరికన్నా పెద్దవాళ్ళు ఎవరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు? కాశీలో మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

గది చూసే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, బండి ఆగే చోటు. పాత ఊళ్ళో కిలోమీటర్ల లెక్క పనికిరాదు. గుడికి 200 మీటర్ల దూరంలో ఉన్న లాడ్జికి ఆటో దిగి 800 మీటర్లు నడవాల్సి రావచ్చు. గుడికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న సత్రం గుమ్మం దగ్గర దాకా ఈ-రిక్షా రావచ్చు. గొదౌలియా, మైదాగిన్ మధ్య రద్దీ వేళల్లో బళ్ళని ఆపేస్తారు, పండగ రోజుల్లో ఇంకా ముందే ఆపేస్తారు.

రెండోది మెట్లు. ఇవి రెండు రకాలు: ఇంటి మెట్లు, ఘాట్ మెట్లు. ఇంటి మెట్ల గురించి ఫోన్‌లో అడగొచ్చు. ఘాట్ మెట్లు నీటిమట్టాన్ని బట్టి ఉంటాయి. వేసవిలో గంగ కిందికి దిగిపోతుంది, దిగాల్సిన మెట్లూ ఎక్కాల్సిన మెట్లూ పెరుగుతాయి.

మూడోది, ఏ వేళకి ఎక్కడ ఉండాలనుకుంటున్నారు. విశ్వనాథుడి మంగళ హారతి తెల్లవారుజామున 3 గంటలకి, మామూలు దర్శనం 4 నుంచి. వారాహి అమ్మవారి గుడి పొద్దున్న కాసేపే తెరుస్తారు. గర్భగుడిలోకి దిగనివ్వరు, పైన నేలకున్న కంతలోంచి వంగి కింద ఉన్న అమ్మవారిని చూడాలి. దశాశ్వమేధ ఘాట్ గంగాహారతి సాయంత్రం చీకటి పడే వేళకి. ఈ మూడూ కావాలనుకునేవాళ్ళకి ఒక చోటు నప్పుతుంది. పొద్దున్నే గంగలో మునిగి, కేదారేశ్వరుణ్ణి చూసి, సత్రం భోజనం చేసి నడుం వాల్చేవాళ్ళకి ఇంకో చోటు నప్పుతుంది.

నాలుగోది నెల. జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా గంగ పొంగుతుంది. ఇక్కడ ప్రమాద స్థాయి 71.26 మీటర్లు. నీళ్ళు అంత దాకా రాకముందే ఘాట్ల మధ్య నడక దారి మునిగిపోతుంది, పడవలు ఆపేస్తారు, గంగాహారతి మేడ మీదికి వెళ్తుంది. ఆ నెలల్లో "ఘాట్ మీద గది"కి కట్టిన అదనపు డబ్బు గంగలో పోసినట్టే. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు. రైళ్ళూ విమానాలూ గంటల కొద్దీ ఆలస్యం. అర్ధరాత్రి దిగి గల్లీల్లో లాడ్జి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

తిండి సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెండు రోజులు కచోరీలు సంబరంగా తింటాం. మూడోరోజు పెరుగన్నం గుర్తొస్తుంది.

ఊరు ఎలా ఉంటుందంటే

కాశీ దగ్గర గంగ ఉత్తరంగా పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డునే, అందుకే 84 ఘాట్లూ తూర్పు ముఖమే. దక్షిణాన అస్సీ, ఉత్తరాన రాజఘాట్. ఒడ్డు వెంట ఆరేడు కిలోమీటర్లు. పెద్దవాళ్ళు క్షేత్రాన్ని మూడు ఖండాలుగా చెబుతారు: దక్షిణాన కేదార ఖండం, నడుమ విశ్వేశ్వర ఖండం, ఉత్తరాన ఓంకార ఖండం. శివుడి త్రిశూలానికి మూడు మొనలన్నమాట. లాడ్జి వెతుక్కోవడానికి కూడా ఇంతకన్నా మంచి పటం నాకు దొరకలేదు. ఈ మూడింటికీ అటు చివర అస్సీనీ, ఇటు స్టేషన్ వైపు కంటోన్మెంట్‌నీ కలిపితే అయిదు చోట్లు.

విశ్వనాథ గల్లీలు, దశాశ్వమేధ, గొదౌలియా

కాశీకి వెళ్ళి విశ్వనాథుడికి దగ్గరగా కాక ఇంకెక్కడుంటాం అనిపిస్తుంది. ఆ మాటలో నిజముంది. ఇప్పుడున్న గుడి 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. 2021 డిసెంబరు 13న గుడి చుట్టూ కట్టిన కొత్త ప్రాంగణం, విశ్వనాథ ధామ్, ప్రారంభమయ్యాక లలితా ఘాట్ నుంచి నేరుగా గుడి ప్రాంగణంలోకి వెళ్ళే దారి వచ్చింది. గంగలో స్నానం చేసి ఆ తడితోనే దర్శనానికి వెళ్ళాలన్న పాత ఆచారం మళ్ళీ తేలికైంది. అన్నపూర్ణ, విశాలాక్షి, వారాహి, డుంఢి గణపతి అన్నీ నడక దూరమే. గుడిలోకి ఫోను, బ్యాగు, పెన్ను ఏవీ పట్టుకెళ్ళనివ్వరు. గది దగ్గరగా ఉంటే అవన్నీ గదిలోనే పడేసి చేతులూపుకుంటూ వెళ్ళొచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్ళు వాటికి లాకర్ చూసుకోక తప్పదు.

దీనికి మీరు చెల్లించేది నిద్రతో. దహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ వైపు గల్లీల్లో రాత్రంతా "రామ్ నామ్ సత్య హై" అంటూ పాడెలు వెళ్తూనే ఉంటాయి. కాశీలో అది అశుభం కాదని నాకు తెలుసు. అయినా అర్ధరాత్రి రెండింటికి కిటికీ కింద నుంచి ఆ కేక వినిపించేసరికి అమ్మ లేచి కూర్చుంది, ఇక పడుకోలేదు. మంటల పొగ గాలి వాటం చూసుకుని గదిలోకి వస్తుంది. దశాశ్వమేధ వైపు పాడెలు ఉండవు, బజారు హోరు ఉంటుంది.

మెట్ల సంగతి పైన చెప్పాను. ఈ గల్లీల్లో ఇళ్ళు వందా నూటయాభై ఏళ్ళవి. ఇరుకు జాగాలో మూడు నాలుగు అంతస్తులు లేపినవి. లిఫ్టు ఉందంటే ఆశ్చర్యపోవాలి. మీ దారి అటే అయితే గొదౌలియా నుంచి దశాశ్వమేధకి వెళ్ళే పెద్ద రోడ్డు మీద, లేదా బాంస్‌ఫాటక్ వైపు రోడ్డుకి ఆనుకున్న లాడ్జి చూడండి. గంగ కనబడదు, కానీ సందుల చిక్కు తప్పుతుంది. గొదౌలియా దగ్గరే జంగంవాడి మఠం ఉంది, వీరశైవుల పాత మఠం. మన దగ్గరి నుంచి వెళ్ళే జంగమ కుటుంబాలు చాలామంది దిగేది అక్కడే.

నా లెక్కలో ఈ ప్రాంతం ఒక్క రాత్రికి బ్రహ్మాండం, మూడు రాత్రులకి అలసట.

కేదార ఘాట్, మానససరోవర్, పాండే హవేలీ

సోనార్‌పురా చౌరస్తాలో ఆటో దిగి పాండే హవేలీ సందులోకి తిరగండి. పది అడుగులు వేసేసరికి బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. విభూతి, గంగచెంబులు అమ్మే కుర్రాడు మన మొహం చూడగానే "రండమ్మా, లోపలికి రండి" అంటాడు. వాడు పుట్టింది బనారస్‌లో, తెలుగు నేర్చుకున్నది మన ఆడవాళ్ళతో బేరాలాడి. పడవవాళ్ళూ అంతే, "పంచగంగ, పిండప్రదానం, రండి" అని మన భాషలోనే కేకేస్తారు.

ఈ ఒడ్డున దక్షిణాది వాళ్ళ అడుగులు నిన్నా మొన్నటివి కావు. కేదార ఘాట్ పక్కనే ఉన్న విజయనగరం ఘాట్ మన విజయనగరం రాజులది. ఇంకొంచెం దక్షిణాన హనుమాన్ ఘాట్ సందుల్లో తమిళ ఇళ్ళు. తెలుగు మూలాలున్న వల్లభాచార్యుల వారు చివరి రోజులు గడిపింది ఆ ఘాట్‌లోనే. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మానససరోవర్ దగ్గర ఉంది. కరివేన వారి సత్రం ఉంది. ఇవి కాక కులాల పేరిట నడిచే సత్రాలు బోలెడు. 2023లో ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలప్పుడు ఈ సందులు చూడాల్సింది, రాజమండ్రి పుష్కరాల రేవు లేచి వచ్చినట్టుంది.

ఇక్కడ దిగితే వచ్చే సుఖం మొదట కడుపుకి. పప్పు, కూర, చారు, మజ్జిగ. ఆకులో వడ్డించిన వేడి అన్నం. పెద్దవాళ్ళకి కాశీ మీద సగం భయం దాంతోనే పోతుంది. రెండోది పితృకార్యాలు. తర్పణాలకీ, పిండప్రదానానికీ మన మంత్రం, మన సంకల్పం తెలిసిన పురోహితులు ఇక్కడే ఉంటారు. అస్సీ, దశాశ్వమేధ, మణికర్ణిక, పంచగంగ, ఆదికేశవ అని అయిదు తీర్థాల్లో పిండాలు పెట్టాలనుకుంటే ఇక్కడి నుంచే పడవ మాట్లాడుకుంటారు. మూడోది కేదారేశ్వరుడు. ఎరుపు తెలుపు చారల గోడ, దాని ముందు నుంచి నిటారుగా నీళ్ళలోకి దిగే మెట్లు. ఈ ఖండంలో పోయినవాళ్ళకి భైరవ యాతన, అంటే పోయేముందు పాపాలకి భైరవుడు వేసే శిక్ష కూడా ఉండదని నమ్మకం. అందుకే కాశీవాసానికి వచ్చిన ముసలివాళ్ళు వెతికి వెతికి ఇక్కడే గది తీసుకుంటారు.

లోపాలూ ఉన్నాయి. సత్రం గది అంటే మంచం, పరుపు, ఫ్యాను. కొన్నిటిలో ఏసీ గదులున్నా ముందే నిండిపోతాయి. భోజనానికి వేళ ఉంటుంది, దాటితే లేదు. చాలా సత్రాలు ఒంటరిగా వచ్చినవాళ్ళకి గది ఇవ్వవు. కొన్ని కులం అడుగుతాయి, కొన్ని తమ కులం వాళ్ళకే ఇస్తాయి. ఇది నచ్చనివాళ్ళు ఈ సందుల్లోనే మామూలు లాడ్జిలు చూసుకోవచ్చు, అవీ పెరిగాయి. ఎన్ని రోజులు ఉండనిస్తారో కూడా ముందే తేల్చుకోండి. తొమ్మిది నిద్రలు చేయాలని బయల్దేరి, మూడోరోజు గది ఖాళీ చేయమంటే పెట్టే బేడా పట్టుకుని తిరగాలి.

ఇంకో మాట: హరిశ్చంద్ర ఘాట్ ఇక్కడికి దగ్గర. దహనాలు ఇక్కడా ఆగవు. కేదార ఘాట్‌కి ఉత్తరం వైపు గదులైతే పొగ బెడద తక్కువ.

విశ్వనాథుడి గుడికి ఇక్కడి నుంచి సుమారు కిలోమీటరున్నర. పొద్దున్న ఘాట్ల వెంట నడిస్తే అంతకన్నా హాయి ఉండదు. మంగళ హారతికైతే రాత్రి రెండింటికే సోనార్‌పురా రోడ్డు మీదికి రావాలి. ఆ వేళకి కూడా ఆటో దొరుకుతుంది. సందుల్లో కుక్కలుంటాయి, చేతిలో కర్ర ఉంటే ధైర్యం.

కాశీలో ఒక కాయ, ఒక పండు వదిలేయడం మన ఆచారం కదా. అమ్మ ఈ కేదార ఘాట్‌లోనే కాకరకాయ వదిలేసింది. ఆవిడ జన్మలో కాకరకాయ తిన్నది లేదు.

అస్సీ, లంక, హిందూ విశ్వవిద్యాలయం

దక్షిణపు కొస. రోడ్లు వెడల్పు, బండి దాదాపు ఘాట్ దాకా వస్తుంది, లిఫ్టున్న హోటళ్ళు దొరుకుతాయి. పొద్దున్న హారతి, సంగీతం, యోగా. సాయంత్రం కాఫీ కొట్ల నిండా విద్యార్థులు, విదేశీయులు. సంకటమోచన్ హనుమంతుడు, దుర్గాకుండ్, తులసీ మానస మందిరం దగ్గర్లోనే. మనవాళ్ళు తప్పకుండా వెళ్ళి గవ్వలు సమర్పించే గవ్వలమ్మ గుడీ ఇటువైపే. నది దాటి రామ్‌నగర్ కోట, వ్యాసకాశీ చూడాలన్నా ఇటు నుంచే సులువు. 1916లో మాలవ్యా గారు స్థాపించిన విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చల్లటి చెట్ల నీడ ఉంది, ఇంకో విశ్వనాథ మందిరం ఉంది. పెద్దాసుపత్రి కూడా అందులోనే. గుండె జబ్బూ, సుగరూ ఉన్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ఆ చివరి సంగతి చిన్నది కాదు.

విశ్వనాథుడి గుడి మాత్రం మూడు కిలోమీటర్ల పైనే. మధ్యలో సోనార్‌పురా, మదన్‌పురా రోడ్డు. సాయంత్రం ఆ రోడ్డు మీద ఆటోలో కూర్చుంటే పక్కన నడిచేవాళ్ళు మనల్ని దాటిపోతారు. అస్సీలో ఉండి రోజూ రెండుసార్లు గుడికి వెళ్తామనుకుంటే రోజంతా ట్రాఫిక్‌లోనే గడుస్తుంది. ఒక్కసారి తెల్లవారుజామున వెళ్ళి, మిగతా రోజులు నదీ, ఊరూ చూసుకుంటామనేవాళ్ళకి ఇది బంగారం.

భోజనం దగ్గర కాస్త సర్దుకోవాలి. దోసెలూ ఇడ్లీలూ దొరుకుతాయి, మన చేతి వంట కాదు. భేలూపుర్ దాకా వెళ్తే కేరళ కేఫ్‌లో సాంబారు దొరుకుతుంది. వర్షాకాలంలో అస్సీ, నగ్వా వైపు పల్లపు సందుల్లోకి వరద నీళ్ళొస్తాయి. ఆ నెలల్లో ఘాట్ అంచున కాకుండా లంక రోడ్డు వైపు చూసుకోండి.

పంచగంగ నుంచి రాజఘాట్

ఇక్కడ దిగమని చాలామందికి చెప్పను. లాడ్జిలు తక్కువ, భోజనం మనది కాదు, మెట్లు మరీ నిటారు. ఆ మెట్ల మీదే కదా మన కోనసీమ ముంగండ నుంచి వెళ్ళిన జగన్నాథ పండితరాయలు కూర్చుని గంగని స్తుతించాడంటారు. ఒక్కో శ్లోకానికి గంగ ఒక్కో మెట్టు ఎక్కి, 52వ శ్లోకానికి ఆయన్ని తాకిందని కథ. పండితరాయల కోసం గంగ ఎక్కింది, మన కోసం ఎక్కదు, మనమే దిగాలి.

అయినా ఒక పూట ఇటు రావాలి. బిందుమాధవుడు ఇక్కడే. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి కాశీలోనే ఉండిపోయి 1887లో సిద్ధి పొందిన తైలంగ స్వామి మఠం ఇక్కడే. కాలభైరవుడు కూడా ఇటువైపు సందుల్లోనే. నల్లతాడు కట్టించుకోకుండా ఏ తెలుగువాడూ ఊరు దాటడు. జనం తొక్కిడి లేని గంగ కావాలంటే, రెండోసారో మూడోసారో కాశీకి వచ్చినవాళ్ళయితే, ఇక్కడి ఉదయాలు మీకోసమే. ఇంకా ఉత్తరాన నమో ఘాట్ దగ్గర బండి నీళ్ళ దాకా వెళ్తుంది. నడవలేని పెద్దవాళ్ళకి గంగని చూపించాలంటే అది గుర్తుపెట్టుకోండి.

కంటోన్మెంట్, నదేసర్, సిగ్రా

ఏసీ, లిఫ్టు, వేడినీళ్ళు, కారు పార్కింగ్, పెద్ద హోటళ్ళు. సారనాథ్‌కి దగ్గర. విమానాశ్రయం ఉన్న బాబత్‌పూర్‌కి దారి ఇటే. ఘాట్లకి నాలుగైదు కిలోమీటర్లు, చివరి ముక్క మళ్ళీ నడకే. హోటల్లో సుఖం, కాశీకి దూరం. అర్ధరాత్రి రైలు దిగేవాళ్ళకీ, తెల్లారి విమానం ఉన్నవాళ్ళకీ ఒక రాత్రి చాలు.

స్టేషన్ల పేర్ల దగ్గర జాగ్రత్త. వారణాసి జంక్షన్‌ని ఊళ్ళో కాంట్ అంటారు. పాత మండువాడీహ్ ఇప్పుడు బనారస్. వారణాసి సిటీ వేరు, రాజఘాట్ పక్కన కాశీ అని ఇంకో చిన్న స్టేషన్. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్ళు దిగేది మొఘల్‌సరాయ్‌లో. 2018లో దానికి పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టారు, ఆటోవాళ్ళకి ఇప్పటికీ మొఘల్‌సరాయే. అక్కణ్ణించి ఆటోలో వస్తుంటే రాజఘాట్ వంతెన మీద ఎడమ పక్కకి చూడండి. ఘాట్లన్నీ నెలవంకలా ఒక్క చూపులో కనిపిస్తాయి. నేను కట్టిన ఆ మొదటి 'గంగ కనిపించే గది' అద్దె కన్నా ఈ రెండు నిమిషాలు విలువైనవి.

ఒక్క చూపులో

| ప్రాంతం | బండి దిగాక నడక | విశ్వనాథుడి గుడికి | మన భోజనం | వరద నెలల్లో | రాత్రి నిద్ర |
|---|---|---|---|---|---|
| విశ్వనాథ గల్లీలు | ఎక్కువ, చిక్కు సందులు | నడకే | వెతుక్కోవాలి | ఘాట్ వైపు వద్దు | కష్టం |
| కేదార, పాండే హవేలీ | తక్కువ | సుమారు కిలోమీటరున్నర | పుష్కలం | సందుల లోపల ఫరవాలేదు | మధ్యరకం |
| అస్సీ, లంక | బాగా తక్కువ | 3 కి.మీ. పైన | సర్దుకోవాలి | పల్లపు సందులు వద్దు | బాగుంటుంది |
| పంచగంగ, రాజఘాట్ | పంచగంగకి ఎక్కువ, నమో ఘాట్‌కి లేనట్టే | పంచగంగ నుంచి నడక, రాజఘాట్ నుంచి ఆటో | దొరకదు | వద్దు | ప్రశాంతం |
| కంటోన్మెంట్ | లేదు | 4-5 కి.మీ., చివర నడక | హోటల్ తిండి | ఇబ్బంది లేదు | హాయి |

ఇక మీ సంగతి

అమ్మానాన్నలతో మూడు రాత్రులైతే రెండో మాట లేదు, కేదార ఘాట్ వైపు కింద అంతస్తు గది. తొమ్మిది నిద్రలైనా అక్కడే. తొమ్మిది రోజులంటే బట్టలుతుక్కోవాలి, మందులు కొనుక్కోవాలి, ఒకరోజు జ్వరం రావచ్చు; మన మాట అర్థమయ్యే మనిషి పక్కన ఉండాలి. ఉతికిన బట్టలు మేడ మీద ఆరేస్తే మాత్రం కాపలా ఉండండి. మా బావగారి పంచె ఒక కోతి పక్క మేడ మీదికి పట్టుకుపోయింది, అరటిపండు చూపిస్తే గాని వదల్లేదు.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకీ, కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ, ఒంటరిగా తిరిగే ఆడపిల్లలకీ అస్సీ. సత్రాల్లో ఎదురయ్యే ప్రశ్నలు అక్కడ ఉండవు.

దేవ దీపావళి, అంటే కార్తీక పౌర్ణమికి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు. ఆ రాత్రి గది ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, దొరికితే అదే మహాభాగ్యం. అప్పుడు కంటోన్మెంట్‌లో దిగి, మధ్యాహ్నానికే ఘాట్లకి చేరుకుని, పడవ ముందే మాట్లాడి పెట్టుకోండి. శివరాత్రికీ, శ్రావణ సోమవారాలకీ గుడి దగ్గరి గదికి ఎంత పెట్టినా తప్పు లేదు. ఆ రోజుల్లో బారికేడ్లు ఎక్కడ మొదలవుతాయో ఎవరూ చెప్పలేరు, లోపల ఉన్నవాడిదే అదృష్టం.

నాలుగు రాత్రులున్నవాళ్ళకి నేను చెప్పేది రెండు చోట్ల దిగమని. మొదటి మూడు కేదార వైపు, చివరిది గొదౌలియా రోడ్డు మీద. పెద్ద సామాను సత్రంలోనే అడిగి ఉంచి, ఒక జత బట్టలు సంచీలో వేసుకుని వెళ్ళండి. సాయంత్రం దశాశ్వమేధ హారతి, మర్నాడు తెల్లవారుజామున మంగళ హారతి, తెల్లారగానే వారాహి. ఈ మూడూ నడిచే అయిపోతాయి. మంగళ హారతి టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. గదిని ఆ టికెట్ దొరికిన రోజుకి సర్దుకోవాలి గాని, గది దొరికిందని టికెట్ వెతక్కూడదు.

ఏ చోటైనా డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి అడగండి: ఆటో ఏ చౌరస్తా దాకా వస్తుంది, అక్కణ్ణించి తీసుకెళ్ళడానికి మనిషిని పంపుతారా, గది ఏ అంతస్తు, బాత్రూంలో కుర్చీ కమోడ్ ఉందా, పొగ వస్తుందా. "దగ్గరే" అన్న జవాబుని నమ్మకండి. కాశీలో అన్నీ దగ్గరే. స్టేషన్ బయట "ఆ లాడ్జి మూసేశారు, ఇంకోటి చూపిస్తా" అనే ఆటో ఎక్కకండి, లాడ్జికి ఫోన్ కలిపి వాళ్ళతోనే మాట్లాడించండి.

పోయినేడు మళ్ళీ బయల్దేరాం. ఈసారి ఫోన్ అమ్మే లాక్కుంది. తనకొచ్చిన రెండు ముక్కల హిందీలో "భయ్యా, సీఢీ కిత్నీ హై?" అని మెట్ల లెక్క అడిగింది. అవతలివాడు కాసేపాగమని ఫోన్ పక్కన పెట్టి వెళ్ళాడు. చెప్పుల చప్పుడు వినిపించింది, ఎక్కుతూ, మళ్ళీ దిగుతూ. తిరిగొచ్చి "గ్యారహ్, మాతాజీ" అన్నాడు. అమ్మ వేళ్ళ మీద పదకొండూ లెక్కపెట్టుకుని, మోకాలు ఒకసారి నిమురుకుని, "రాసుకోమను" అంది.